పిట్ట ముట్టిన పాట

పది గంటల బస్సుకు హైదరాబాదు నుంచి సిద్దిపేటకు క్యాసెట్ల కంపెనీ సోమశేఖర్ వస్తాడు, సుధాకర్ పాటలు వింటాడు, అతని పేరుతో క్యాసెట్టు వేస్తాడు. తొంభై రెండులో ఆ పొద్దున సుధాకర్ వేసుకున్న ప్లాను ఇంతే.

పాపం, దీనికోసం తక్కువ తిరిగాడా! పెండ్లి బ్యాండులో పాడితే డప్పుల మోతలో గొంతు వినబడలేదు. ఆర్కెస్ట్రాలో చేరితే సినిమా పాటలే పాడమన్నారు. స్నేహితులతో పెట్టిన గ్రూపు దానికి ఏం పేరు పెట్టాలన్న తగవుతోనే విడిపోయింది. చివరికి ఒక్కడే గిటారు పట్టుకొని, సొంతంగా రాసిన ఆరు ప్రేమపాటలను తల్లి సుశీలమ్మ భజనల క్యాసెట్టు మీద రికార్డు చేసుకున్నాడు. కొత్తది ఎందుకు కొనలేదని అడగకండి, కళాకారుడు. పైన చీటీ మాత్రం 'భజనలు' అనే ఉంది.

అతను స్నానానికి పోయినప్పుడు మైకుసెట్టు భిక్షపతి వచ్చాడు. వెనక వీధి బుచ్చవ్వ భర్త, ఈ మధ్యే పోయిన పోశయ్య దినం, మైకులో వేయడానికి భజనలు కావాలన్నాడు. సుశీలమ్మ చీటీ చూసి క్యాసెట్టు ఇచ్చేసింది.

సుధాకర్ తల తుడుచుకుంటుండగా కోమటి చెరువు గాలిలో అతని గొంతే తేలి వచ్చింది. "మంచు పడవెక్కి పోతున్నవా, మల్ల రానని పోతున్నవా..." ఎంత హాయిగా ఉందో! ఊరి కప్పులన్నీ మెల్లగా నీళ్ల మీద కదులుతున్నట్టు అనిపించింది. రెండో చరణం దాకా కళ్లు మూసుకొని విన్నాడు. అప్పుడు, క్యాసెట్టు ఇంట్లో లేదని తట్టి, బనీనుతోనే పరుగెత్తాడు.

బుచ్చవ్వ వాకిట్లో అందరూ ఏడుస్తున్నారు. గోడ మీద పోశయ్యకు పెట్టిన విస్తరి. పొద్దటి నుంచి పిట్ట ముట్టలేదట, ఒక్క కాకీ వాలలేదట. పోయినవాడికి ఏ కోరిక మిగిలిందోనని బెంగపడుతుంటే, ఈ పాట మొదలవగానే ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది.

"గది నా క్యాసెట్టు, అన్నా!" అంటూ సుధాకర్ టేపు ఆపే బటన్ నొక్కాడు. కాకి లేచిపోయింది.

"ఎంత పని చేసినవ్ బిడ్డా! మా ఆయన వచ్చి కూసున్నడు గద!" బుచ్చవ్వ గొల్లుమంది. "మల్ల పెట్టున్రి!"

భిక్షపతి కంగారులో ఏదో నొక్కాడు. టేపంతా బయటికి వచ్చి చిక్కుపడి తెగిపోయింది. ఉన్న ఒక్క క్యాసెట్టూ పోయింది. సుధాకర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

"క్యాసెట్టు పోతే ఏంది? గొంతున్నది గద, పాడు," అన్నది బుచ్చవ్వ.

మైకు అందుకొని, ఆ ఏడుపు గొంతుతోనే ఎన్నడూ పాడనంత బాగా పాడాడు. డప్పుల్లేవు, ఈలల్లేవు. జనం ఏడుపాపి విన్నారు. రెండు కాకులు దిగి విస్తరంతా ఖాళీ చేశాయి.

జనంలోంచి చేతిసంచీతో ఒకాయన ముందుకొచ్చాడు. సోమశేఖర్! మైకులో పాట విని, దాని వెంటే బస్టాండు నుంచి నడిచి వచ్చాడట.

"ఆరు పాటలూ నాకే గావాలె. నీ పేరు పెద్దగ ఏస్త. పైన 'పిట్ట ముట్టే పాటలు' అని ఏస్త."

"సార్, అవి ప్రేమపాటలు!"

"పోయినోల్ల మీద ఉండేది గూడ ప్రేమనే గదనయ్యా!"

క్యాసెట్టు ఊరూరా దినాల్లో మోగింది. అప్పటి నుంచి సిద్దిపేట ముసలివాళ్లు సుధాకర్ ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తున్నారు.