రేడియో పాఠాల ఘనమైన ముగింపు

"ఇవాళ్టి నుంచి మన దీవుల్లో ఎవరూ ఎవరికీ పాఠాలు చెప్పరు. అందరూ కలిసి నేర్చుకుంటారు!" అని అభ్యాస నవీకరణ మండలి చైర్మన్ ఇసిరేలి నవాకులా గారు రాజధాని సువాలోని ఓ హోటల్ హాల్లో ప్రకటించారు. ఉపన్యాసాల కాలం చెల్లిందంటూ గంటన్నర ఉపన్యసించారు. వింటున్నవాళ్లు నిద్ర కూడా కలిసే పోయారు.

ఆ నిద్రలో చేరనిది లోసలీని ఒక్కతే. తూర్పు దీవుల పిల్లలకు రేడియో పాఠాలు తయారుచేసే మనిషి. మండలి కొత్త యాప్ రాగానే ఆ పాఠాలు ఆపేస్తారని విని, పడవ కుదుపులు ఓర్చుకుని వచ్చింది. వాళ్ల దీవిలో ఇంటర్నెట్ కావాలంటే గుట్ట ఎక్కాలి. ఎక్కినా గాలి తప్ప ఏమీ రాదు.

టీ సమయంలో చైర్మన్ గారిని పట్టుకుంది. "సార్, ఒక్క మనవి..."

ఆయన ఉలిక్కిపడ్డారు. "మనవులేంటమ్మా, రాజుల కాలం నాటివి! ఇది కో-డిజైన్, అంటే అందరం కలిసి రూపొందించడం. చీటీ మీద రాసి గోడకు అంటించండి."

'రేడియో పాఠాలు ఆపొద్దు' అని రాసి అంటించింది. బ్రిస్బేన్ నుంచి వచ్చిన నిపుణుడు ఫెన్విక్ దాన్ని చూసి పరవశించిపోయాడు.

"గొప్పగా ఉంది! కానీ 'ఆపొద్దు' అంటే నెగెటివ్. తీసేద్దాం. రేడియో ఒక వస్తువు. వస్తువును దాటి ఆలోచిస్తే?"

"దాటితే ఏముంటుందండీ?"

"స్వరం! విద్యార్థి స్వరం!"

పక్క బల్ల దగ్గర లోసలీని చిన్నాన్న కూతురు మెరెయోని కిసుక్కున నవ్వింది. "గొంతు ఒక్కటేనా కావాల్సింది? మిగతా పిల్లాడేం పాపం చేశాడట?"

ఫెన్విక్ కళ్లు చెమర్చాయి. "నిజమే!" అంటూ 'స్వరం' కొట్టేశాడు. సాయంత్రానికి వేదిక మీద బ్యానర్ వెలసింది: 'కేంద్రంలో విద్యార్థి'.

చైర్మన్ గారు లోసలీని మెడలో పూలదండ వేశారు. "ఇది మీ ఆలోచనే కదమ్మా!"

"అవును సార్. రేడియో పాఠాలు ఆపొద్దనే రాశాను."

"అద్భుతం! ఈ నినాదంతోనే వాటిని ఆపేస్తున్నాం."

చప్పట్లు మోగాయి. మెరెయోని ఆమె చెవిలో, "ఏడవకే, దండ పాడవుతుంది" అంది.

ఇక మిగిలింది ఈ శుభవార్త తూర్పు దీవులకు చేరవేయడం.

"యాప్‌లో పెట్టించండి" అన్నారు చైర్మన్ గారు.

"అక్కడ అది తెరుచుకోదు సార్" అన్నాడు ఆయన సహాయకుడు.

"పేపర్లో?"

"పడవ వచ్చినప్పుడు కదా పేపరు!"

చైర్మన్ గారు దీర్ఘంగా ఆలోచించి లోసలీని వైపు తిరిగారు. "మీ పాఠాలు అక్కడ ఎవరైనా వింటారా?"

"ఇంటిల్లిపాదీ వింటారు సార్. ముసలాళ్లు కూడా భిన్నాలు కూడుతున్నారు."

"అయితే మీ పాఠం టైములోనే ప్రకటిస్తాను!"

లోసలీనికి అప్పుడు ఊపిరి ఆడింది. వినయంగా చేతులు కట్టుకుంది. "ఇంత పెద్ద సంస్కరణ ఒక్కసారి చెబితే మావాళ్లకు ఎక్కదు సార్."

"రోజూ చెబుతాను!"

"ఒట్టి ప్రసంగమైతే రేడియో కట్టేస్తారేమో. ముందు లెక్కల పాఠం, వెనక ఇంగ్లిష్ పాఠం పెడితే మధ్యలో మిమ్మల్ని తప్పించుకోలేరు."

"పెట్టండమ్మా పెట్టండి! మండలి ఉన్నది ఎందుకు?"

సోమవారం పొద్దున భిన్నాల పాఠం అవగానే, రేడియో పాఠాలు నేటి నుంచి రద్దని చైర్మన్ గారు గంభీరంగా ప్రకటించారు. వెంటనే లోసలీని ఇంగ్లిష్ పాఠం మొదలుపెట్టింది. మంగళవారం కూడా రద్దు చేశారు.

రెండేళ్లుగా ఆ రద్దు దిగ్విజయంగా కొనసాగుతోంది. ఈ ఏడాది నుంచి సైన్సు పాఠాలను కూడా రద్దు చేయాలనీ, అందుకోసం వాటిని వెంటనే ప్రారంభించాలనీ చైర్మన్ గారు ఆదేశించారు.