బల్ల మీద కప్పు

మార్చి పద్నాలుగో తేదీ అంటే సిరిల్ పాగెట్‌కు గుర్తొచ్చేది ఒక్కటే. రెండు టోస్టు ముక్కలు, నారింజ మార్మలేడు జామ్, మెత్తగా ఉడికిన గుడ్డు. భార్య నోరాతో కలిసి తిన్న చివరి ఫలహారం అది. ఆవిడ పోయినప్పటి నుంచి ఏటా ఆ రోజున అదే తింటున్నాడు. గుడ్డు మాత్రం ఒక్కసారీ ఆవిడ ఉడికించినట్టు కుదరలేదు.

ఈ ఏడు సరిగ్గా ఆ రోజే సౌతాంప్టన్ రేవు దగ్గరి చర్చి హాల్లో పాత ఓడల సామాను సంత వచ్చింది. సిరిల్ ఇంటి ముందుగదిలో 'సెలెస్టినా' ఓడ సగం ఉంది. మెనూ కార్డులు, గది తాళాలు, పింగాణీ పళ్లేలు, డెక్కు మీది మడతకుర్చీ. నోరా ఆ ఓడలోనే గదులు సర్దే ఉద్యోగం చేసి విరమించింది. "అక్కడ తుడిచిన సామానే ఇక్కడా తుడవాలంటే, నేను ఓడ దిగడం దేనికయ్యా?" అనేది. గది ఖాళీ చేసి ఆవిడ పడక్కుర్చీ కిటికీ పక్కన వేస్తానని సిరిల్ మాటిచ్చాడు. ప్రతి సంతకూ అమ్మడానికని వెళ్లి, తీసుకెళ్లిన దానికంటే ఎక్కువ మోసుకొచ్చేవాడు.

ఈసారి ఆ పని కానివ్వకూడదనుకున్నాడు. స్నేహితుడు బెర్నార్డ్ వ్యానులో గది మొత్తం ఎక్కించాడు. ఫ్లాస్కుతో పాటు నోరా కప్పు కూడా పట్టుకెళ్లాడు. ఓడ సిబ్బందికి ఇచ్చే మందపాటి తెల్ల కప్పు, చుట్టూ ఒక నీలిగీత, పిడి దగ్గర చిన్న పెచ్చు ఊడింది. రోజూ అందులోనే టీ తాగుతాడు.

ఆ సంతలో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. బల్ల మీద ఉన్నది సరుకు, బల్ల కింద ఉన్నది సొంతం. ఇక కొనేవాడు తనకు కావలసినదాన్ని ఎన్నడూ అడగడు. దాని పక్కనున్నదాని ధర అడుగుతాడు. ఈ రెండూ సిరిల్‌కు కంఠతా వచ్చు. అయినా ఆ పొద్దున మనసు గుడ్డు దగ్గరే ఉండిపోయిందో ఏమో, సగం తాగిన కప్పును బల్ల మీద పెట్టి బాత్రూముకు వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి పక్కబల్ల బెర్నార్డ్ మొహం వెలిగిపోతోంది. "ఏమోయ్ సిరిల్, నీకు బోణీ చేశాను! ఆ పెచ్చూడిన కప్పును క్లెమెంట్‌కు అంటగట్టాను. అందులో టీ కూడా నేనే పారబోశా."

"అది నోరాది, బెర్నార్డ్."

బెర్నార్డ్ మొహం పాలిపోయింది. "బల్ల మీదుంది కదయ్యా..." అన్నాడు సన్నగా.

అతని తప్పేమీ లేదు. సిరిల్ పరుగెత్తాడు. ఆ హాల్లో అంతవరకూ ఎవరూ పరుగెత్తి ఎరగరు. రొప్పుతూ వెళ్లి, "క్లెమెంట్, ఆ కప్పు నాకు ఇచ్చెయ్" అని సూటిగా అడిగేశాడు.

పెన్సిళ్లు పెట్టుకోవడానికి ఆ కప్పు కొన్న క్లెమెంట్ కళ్లు చిన్నవయ్యాయి. "నువ్వు పరుగెత్తావంటే అందులో ఏదో ఉంది. అప్పుడే దాన్ని ఇంకొకరికి ఇచ్చేశానే, నాకెంత నష్టమో ఇప్పుడు తెలుస్తోంది. నీ మొదటి తరగతి మెనూ కార్డులిచ్చెయ్, ఎవరికిచ్చానో చెప్తా."

కార్డులు పోయాయి. కప్పు మిసెస్ లవెల్‌కు చేరిందని తెలిసింది.

ఈసారి సిరిల్ కట్టుబాటు తప్పలేదు. నింపాదిగా నడిచి వెళ్లి, ఎటో చూస్తూ అడిగాడు. "ఈ యాష్‌ట్రే ఎంతమ్మా?"

"నువ్వు పొగ తాగవు గదా! కెప్టెన్ గారి కప్పు కోసం వచ్చానని చెప్పరాదూ?"

"కెప్టెన్ కప్పేమిటి?"

"ఆఖరి ప్రయాణంలో, తుఫానులో, ఆయన చెయ్యి వణక్కుండా టీ తాగిన కప్పట. హాలంతా అంటోంది."

"అది పనివాళ్ల కప్పమ్మా."

"కావలసినవాళ్లు అలాగే అంటారు నాయనా. నేనే తొందరపడి మారకానికిచ్చేశాను."

ఎవరికిచ్చిందో చెప్పించడానికి మడతకుర్చీ, పళ్లేలు పోయాయి. నోరా ఆ కుర్చీ గుడ్డ ఎన్నిసార్లు ఉతికిందో లెక్కలేదు. తీసుకెళ్తున్నప్పుడు మిసెస్ లవెల్ దాన్ని మెల్లగా మడిచింది. సిరిల్‌కు అదే చాలనిపించింది.

మూడో బల్ల వెనక, ఆవిడ చెప్పిన ఆస్వాల్డ్ చెమటలు కక్కుతున్నాడు. "మెల్లగా మాట్లాడవయ్యా! ఆ కప్పు మ్యూజియం నుంచి దొంగిలించినదట. అందుకే నువ్వు వెతుకుతున్నావట."

"ఎవరన్నారు?"

"అనని వాళ్లెవరు? నేను వదిలించుకున్నాను. ఎక్కడని అడక్కు, నాకేమీ తెలీదు. బంగారంలాంటి ఓడ గడియారం ఇచ్చి తెచ్చుకున్నాను దాన్ని. అదీ పోయె, ఇదీ పోయె."

సిరిల్ తన బల్ల వైపు నడిచాడు. తన పరుగు వల్లే గదా ఈ మనిషికి గడియారం పోయింది? మిగిలిన పెట్టెలన్నీ తెచ్చి ఆస్వాల్డ్ బల్ల కింద పెట్టాడు. "ఉంచుకో. మోసుకెళ్లే ఓపిక లేదు నాకు."

చేతులు ఖాళీ. బల్ల ఖాళీ. వంటగది పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. మూడేళ్లలో మొదటిసారి, నోరా నిజంగా వెళ్లిపోయినట్టు అనిపించింది. అతని మొహం చూసి, టీ అమ్మే డాఫ్నీ అడక్కుండానే ఒక కప్పు తెచ్చి చేతిలో పెట్టింది.

బొటనవేలికి పెచ్చూడిన చోటు తగిలింది.

కప్పు తిప్పి నీలిగీత చూశాడు. "ఈ కప్పు ఎక్కడిది డాఫ్నీ?"

"ఎవడో మహానుభావుడు నా ఎంగిలి కప్పుల్లో పడేసి పారిపోయాడు. శుభ్రంగా తోమాను లెండి. మావాటికి ఆకుపచ్చ గీత. ఇది మాది కాదు."

"నాది. దీనికి ఎంతివ్వమంటావు?"

"మీ కప్పుకి మీరేం ఇస్తారండీ? తీసుకెళ్లండి. నాకు ఒకటి తోమే పని తప్పుతుంది."

సాయంత్రం సర్దుకునేటప్పుడు బెర్నార్డ్ దగ్గరికొచ్చాడు. కప్పును తన మఫ్లరులో చుట్టి, బల్ల కింద పెట్టి, సిరిల్ బయల్దేరేదాకా దాని పక్కనే నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక సిరిల్ పడక్కుర్చీని కిటికీ పక్కకు జరిపాడు. కప్పును కిటికీ గట్టు మీద పెట్టి, ఖాళీ గదిని ఒకసారి చూసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

జీవితంలో మొదటిసారి అతను సంత నుంచి ఒకే ఒక్క వస్తువు తెచ్చాడు, అదీ తనదే.