తెలుపుల్లో ఏ తెలుపు?

తెలుపు రంగు ఒక పరిపాలనా సమస్య అని లోకంలో మొట్టమొదట కనిపెట్టిన ఘనత ఒక ప్రసూతి ఆస్పత్రిది. అంతకుముందు జనం, పాపం, తెలుపంటే తెలుపేనని అమాయకంగా బతికేసేవారు.

పసిపిల్లల వార్డు పెద్ద నర్సు అడిగింది ఒకే ఒక్క టార్చిలైటు. పాతది చచ్చిపోయింది. వార్డు ఆస్పత్రి నట్టనడుమ ఉంటుంది కాబట్టి పగలు కూడా దీపాలే దిక్కు, ఆ దీపాలకేమో వయసు మీద పడింది. పుట్టిన పిల్లలకు కామెర్లు వచ్చాయో లేదో ముందుగా ఒంటి రంగు చూసే పట్టాలి. ఆలస్యమైతే బిడ్డకే ముప్పు.

"ఏదో ఒకటి తెప్పించండి సార్" అందామె స్టోర్సు అధికారితో. ఆయన్ని ఆస్పత్రిలో కొర్రీల సారు అంటారు (ఎదురుగానే అంటారు, ఆయన బిరుదనుకుంటారు).

"ఏదో ఒకటంటే ఏది తల్లీ?" అని ఆయన కొర్రీ వేశారు. ఎల్‌ఈడీ టార్చిల్లో పసుపు తెలుపు, నీలి తెలుపు, మామూలు తెలుపు ఉన్నాయట. దాంతో వెలుగు వర్ణ నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. మూడు రకాలూ తెప్పించి తెల్లగోడ మీద వేసి పోల్చాలన్నారు. అసలు గోడ తెలుపే ఏ తెలుపో ఎవరు తేల్చారని ఒక సభ్యుడు లేచాడు. ఉపసంఘానికి ఇంకో ఉపసంఘం పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

పెద్ద నర్సుకు ఒళ్ళు మండింది. "గోడలకు కామెర్లు రావండీ! పిల్లల మీద వేసి చూడండి" అని సంఘం మొత్తాన్నీ వార్డుకు లాక్కొచ్చింది.

పసుపు టార్చి వేస్తే పిల్లలంతా పచ్చగా ఉన్నారు. కొర్రీల సారూ పచ్చగానే ఉన్నారు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, ఈ టార్చి ముందు లోకానికే కామెర్లు. నీలిది వేస్తే ఎవరికీ ఏ జబ్బూ లేదు. మామూలుది వేసినప్పుడు మాత్రం, తలుపు పక్క ఉయ్యాలలో పాప ఒక్కతే లేత పసుపుగా తేలింది.

"ఇదిగో, ఇదీ కావలసింది!" అంది నర్సు, పాపను డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోతూ.

"ఇందులో ప్రత్యేకత ఏముందమ్మా?" అన్నారు కొర్రీల సారు.

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది సార్."

ఉన్నది ఉన్నట్టు చూపించడం అనే అర్హత నిబంధనల్లో ఎక్కడా దొరకలేదు. ఆ టార్చి వెనక్కి పోయింది. నీలిది ఖాయమైంది.

ఫలితం వెంటనే కనిపించింది. వార్డులో కామెర్లు మాయం. మందులు చేయలేనిది టార్చి చేసిందని సూపరింటెండెంటు గారికి సన్మానం కూడా జరిగింది.

ఒకరోజు ఓ కొత్త తండ్రి కంగారుగా వచ్చాడు. "అక్కా, మావాడు పాలే తాగట్లేదు. ఎంతసేపూ నిద్రే."

పెద్ద నర్సు టార్చి వేసింది. పిల్లాడు ముత్యంలా మెరిశాడు. అయినా మనసొప్పలేదు. వాణ్ణి గుండెకు హత్తుకుని నడవా చివరి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఎండ తగలగానే వాడి మొహం నిమ్మపండైంది.

"ఏమైందక్కా?" తండ్రి వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకా ఏం కాలేదు నాయనా. పద, డాక్టరు దగ్గరికి."

నాలుగు రోజుల్లో పిల్లాడు కోలుకుని, వార్డు అదిరిపోయేలా ఏడ్చాడు. అంత కమ్మని ఏడుపు తానెప్పుడూ వినలేదని తండ్రి అందరికీ చెప్పాడు. అప్పటినుంచి పెద్ద నర్సు తన డ్యూటీలో ఏ బిడ్డనైనా కిటికీ దగ్గరే చూసేది. కామెర్లు మళ్ళీ బయటపడ్డాయి. సూపరింటెండెంటు గారు పిలిపించారు.

"పోయిన జబ్బు ఎలా తిరిగొచ్చిందమ్మా?"

"పోలేదు సార్. ఎండలో చూస్తే కనిపిస్తోంది."

పక్కనే ఉన్న కొర్రీల సారు ముందుకు వంగారు. "ఎండ మనం ఆమోదించిన వెలుగేనా?"

"ఎండను ఎవరు ఆమోదించాలి సార్?"

"నేనూ అదే అడుగుతున్నాను."

ఉపసంఘం విచారణ జరిపింది. జబ్బు తేలిన ప్రతి బిడ్డా కిటికీ దగ్గరికి వెళ్ళొచ్చినట్టు రుజువైంది. వెళ్ళని పిల్లల్లో ఒక్కరికీ రాలేదు. జబ్బు కిటికీలోంచే వస్తోందని ఏకగ్రీవంగా తీర్మానించి, దానికి చెక్కలు కొట్టించారు.

మర్నాటి నుంచి పెద్ద నర్సు పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్తోంది. ఆకాశం విషయం ఉపసంఘం పరిశీలనలో ఉంది.