ముప్పై ఆరుకు ఆరు

చిక్కడపల్లి వాస్తవ్యులు, ప్రభుత్వ కార్యాలయ సూపరింటెండెంటు కిషన్ రావు గారి ఏకైక కుమార్తె శ్రీదివ్య, ఎనిమిదో తరగతి, కళ్లలో ఫెయిలైందని తెలియజేయడానికి చింతిస్తున్నాము.

బడిలో ఏటా జరిపే ఆరోగ్య పరీక్షల కార్డు ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది. కిషన్ రావు గారు దాన్ని ప్రోగ్రెస్ రిపోర్టు చదివినట్టే చదివారు. పిల్లల గురించి వచ్చిన కాగితాన్ని ఇంకోరకంగా చదవడం ఆయనకు చేతకాదు. ఎత్తులో నూట యాభై రెండు. వాళ్ల వంశంలో ఇంతవరకు ఎవరూ నూరు దాటలేదు. గుండె నిమిషానికి ఎనభై నాలుగు కొట్టి డిస్టింక్షన్ తెచ్చుకుంది. బరువు నలభై ఒకటితో ఎలాగో గట్టెక్కింది. కళ్ల దగ్గర మాత్రం 6/36 అని ఉంది. ఆయన కార్డు కింద పెట్టి మంచినీళ్లు అడిగారు.

"ముప్పై ఆరుకు ఆరు. మా చెల్లె కొడుకు హర్షకు ఆరుకు ఆరు వచ్చినయి. ఇగ వాళ్ల ముందట ఏం ముఖం పెట్టుకొని తిరగాలె?"

"పేపర్ కష్టమిచ్చిన్రేమో" అంటూ భార్య మనోరమ సర్దిచెప్పబోయింది.

"డాడీ, నాకు బోర్డు కనబడ్తలేదు" అంది శ్రీదివ్య.

"బోర్డు పరీక్షకు ఇంక రెండేండ్లున్నది బిడ్డా. ముందు దీని సంగతి చూడు."

పిల్ల ఏడ్చింది. ఫెయిలైనవాళ్లు ఏడవడం సహజమే కనుక ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు.

మర్నాడు ఆయన బడికి వెళ్లి, పరీక్షలు చేసిన డాక్టర్ అంబికను నిలదీశారు. "అవి మార్కులు కావు సార్. మామూలు కళ్లకు ముప్పై ఆరు మీటర్ల నుంచి కనబడేది, పాపకు ఆరు మీటర్ల దగ్గరికొస్తే గాని కనబడ్తలేదు. అద్దాలు పెట్టియ్యండి, సరిపోతది" అందామె.

"అద్దాలు పెట్టుకొని చదివితే కాపీ కొట్టినట్టే మేడమ్. మా ఇంట్ల ఆ అలవాటు లేదు."

వీధి నిండా కోచింగ్ సెంటర్లున్న అశోక్ నగర్ ఉండగా తెలుగుజాతికి ఏ పరీక్షా భారం కాదు. పన్నెండేళ్లుగా గ్రూప్స్ అభ్యర్థులకు విజయరహస్యాలు బోధిస్తూ, తాను మాత్రం ఇంతవరకు నెగ్గని నగేష్ సార్, అక్కడ మూడో అంతస్తులో కంటి పరీక్షకు ప్రత్యేక బ్యాచ్ ప్రారంభించారు. ప్రారంభోపన్యాసంలో ఆయన ఆవేదన కట్టలు తెంచుకుంది.

"తల్లిదండ్రులారా, ఎక్కడికి పోయినా గోడకు అదే చార్టు. అంటే పేపర్ లీకై నూరేండ్లు దాటింది. అయినా మన పిల్లలకు ఆరు మార్కులా? ఇది చూపు లోపం కాదు, ప్రిపరేషన్ లోపం."

చప్పట్లతో హాలు మారుమోగింది. కిషన్ రావు గారి కళ్లు చెమ్మగిల్లాయి.

నెలరోజులు శ్రీదివ్య "ఈ, ఎఫ్ పీ, టీ ఓ జెడ్" అంటూ పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వల్లె వేసింది. ఈ మధ్యలో రెండుసార్లు మెట్ల మీద జారిపడింది, ఒకసారి వేరేవాళ్ల బడి బస్సెక్కింది. చదువు ఒత్తిడి అంటే అలాగే ఉంటుందని మనోరమ దిష్టి తీసింది.

సప్లిమెంటరీ నాడు కొత్త డాక్టరు వచ్చాడు. బయట ఇంకా రెండు వందల మంది పిల్లలున్నారు. ఒక కన్ను మూసుకుని చదవమంటే శ్రీదివ్య రెండూ మూసుకుని, చార్టు మొత్తం గడగడా అప్పజెప్పింది. ఆయన తలెత్తకుండా 6/6 వేశాడు. ఆమె ఏకాగ్రతను హెడ్మాస్టరు ప్రార్థన సమయంలో కొనియాడారు.

వారం తిరక్కుండానే నారాయణగూడ చౌరస్తాలో కోచింగ్ వారి ఫ్లెక్సీ లేచింది. 'చూపులో నూటికి నూరు శాతం' అన్న అక్షరాల కింద శ్రీదివ్య నిలువెత్తు ఫోటో. కిషన్ రావు గారు కుటుంబాన్ని ఆటోలో తీసుకెళ్లి దాని ఎదుట నిలబెట్టారు. అప్పటికే అక్కడ పదిమంది తల్లిదండ్రులు గుమిగూడి ఫోన్ నంబరు రాసుకుంటున్నారు.

శ్రీదివ్య చాలాసేపు తలెత్తి చూసింది.

"డాడీ, ఎవరా అమ్మాయి?"

అందరికీ స్పష్టంగా వినిపించింది. ఆ తల్లిదండ్రుల్లో ఒకావిడ కిషన్ రావు గారి దగ్గరికి జరిగి, గౌరవంగా అడిగింది.

"అన్నా, చెవుల పరీక్షకు బ్యాచ్ ఎప్పుడు పెడ్తరట?"