హిప్‌హాపర బిరుద సంగ్రామము

ప్లాస్టిక్ కుర్చీలు సేనావ్యూహములై బారులు తీరగా, మైకు "హలో హలో" యని దిక్కులు పిక్కటిల్ల ఘోషింపగా, బహుమతుల దుకాణపు మేడమీది గోదాములో వార్షికోత్సవ సంధ్య అవతరించెను. అప్పుడు రంగుకాగిత ప్రళయభైరవుడును, సెలోటేపు ఖండన వజ్రదంతుడును, రిబ్బను గ్రంథిబంధన ధురంధరుడును ఐన మన ప్యాకింగ్ కుర్రవాడు, తాను కట్టిన ర్యాప్ పాటను గుండెలో దాచుకొని, అట్టపెట్టెల చాటున యుద్ధసన్నద్ధుడై నిలిచెను.

వైరి యెవరందురా? ఆ చాటునకు విచ్చేసిన మైకాయుధపాణి యగు మేనేజరు!

"నిన్ను స్టేజీ మీదికి 'మన ప్యాకింగ్ ర్యాపర్' అని పిలుస్తానురా. భలే కుదిరింది కదూ?"

వీరుడు పెట్టెల సందునుండి తొంగిచూచెను. ఏలయన, ముందువరుసలో బావ అతిథిగా కూర్చుండెను. అక్కను పెండ్లాడిన నాటినుండి ఇతనిని 'పొట్లం' అనియే పిలుచు పరిహాసశరవర్ష ధురీణుడాతడు. ఆ చెవిన 'ర్యాపర్' పడెనా, ఇక ప్రతి పెండ్లిపందిటిలో ఇతని పరువు పకోడీల పొట్లమే!

"వద్దు సార్! బిస్కట్ కాగితాన్ని కూడా ర్యాపరే అంటారు. హిప్‌హాపర్ అనండి."

"అంటే పాడేవాడనేగా?"

వీరుడు భుజములు విదిల్చి, బావకు వినబడనంత మెల్లగా గర్జించెను: "పాడేవాడూ హిప్‌హాపరే, ఆడేవాడూ హిప్‌హాపరే, ఊరికే కూర్చుని విని తలాడించేవాడూ హిప్‌హాపరే! ఎవడి ఒంట్లో ఆ దరువుంటే వాడిదే సార్ ఆ పేరు!"

"ఇదేం మాటరా, ఫ్రీసైజు నైటీలా!"

అనంతరము జిహ్వాసమరము చెలరేగెను. మేనేజరు "హిప్పాపర్" అని కూలి, "హిప్పర్‌హాప్" అని లేచి, "హాపిప్పర్" అని మరల కూలి, చెమట తుడుచుకొనెను.

"నా వల్ల కాదు. ర్యాపర్ అనేస్తా, పో."

"ఐతే నేను పాడను సార్."

"పాడవా? మరి అంతసేపూ జనాన్ని ఏం చెయ్యమంటావు?"

"మీరే ఉపన్యసించండి."

ఆ బ్రహ్మాస్త్రమునకు మేనేజరు చేతులెత్తెను. ఒక పేరు కోసము పాటనే పణముగా పెట్టుచున్నాడే, ఇది యేదో పెద్ద చదువు కాబోలునని శంకించెను. మైకు ముందర నిలిచి, ఊపిరి బిగబట్టి, గోతులబాటలో బండి తోలువానివలె పలికెను:

"ఇప్పుడు... మన... హిప్... హాపర్..."

మర్యాద తప్పిన తిట్టుదురేమోనని, ఎందుకైనను మంచిదని చేర్చెను:

"...గారు!"

ముందువరుసలో బావ అదిరిపడి, ప్రక్కవానిని గిల్లెను. "గారా? మా పొట్లానికి గారేంటండీ? ఏమన్నా పరీక్ష రాశాడా?"

"తెలీదండీ. పెద్దదే అయ్యుంటుంది."

బావ నోరు తెరచెను. ఎగతాళి కొరకు ఎడమవైపు వెదకెను, కుడివైపు వెదకెను. అర్థము తెలియని మాటను వెక్కిరించుట యెట్లు? తెరచిన నోరు మరల మూసెను.

పాట పల్లవిలోనే కరెంటు పోయెను. పోయిన నేమి! వినుడు జనులారా: ఈ భూమండలమున, ఒకానొక సాయంకాలమున, ఒక బావకు మాట తోచలేదు! జయము, జయము, హిప్‌హాపర్ గారికి దిగ్విజయము!