ఎక్కనన్న కారు

ఎనిమిదింటికల్లా ఆఫీసుకు చేరి, పైఅధికారి తనిఖీకి వచ్చేలోపు బీరువాల దుమ్ము దులిపించాలన్నది ఆ ఉదయం డ్రైవింగ్ పరీక్షాధికారి వేసుకున్న పథకం. తెల్లవారుజాము నుంచి వాన. ఆఫీసు ముందున్న ఎత్తు సగం ఎక్కేసరికి కారు మొరాయించింది. ఇంజిన్ గోల పెడుతోంది, చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, కారు మాత్రం ఉన్నచోటే ఉంది.

పక్కనున్న బావమరిది అడగకుండానే సలహాలిచ్చే మనిషి. క్లచ్ పోయిందని తేల్చేశాడు. క్లచ్ పోతే చక్రాలెలా తిరుగుతాయని అధికారి విసుక్కున్నాడు.

"అయితే బరువు చాల్లేదు బావా. వెనక ఎవర్నైనా ఎక్కిద్దాం."

అది అధికారికి నచ్చింది. పరీక్షకని నడిచి వెళ్తున్న ముగ్గురిని పిలిచి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. పాస్ మార్కులు వేసే చెయ్యి పిలిస్తే రానివాళ్లెవరు? అదీ చాలదని, రోడ్డు పక్కన పడున్న ఇటుకలు డిక్కీ నిండా సర్దించాడు.

కారు ముక్కు పైకి లేచింది. చక్రాలు మరింత హుషారుగా తిరిగాయి. కారు సర్రున వెనక్కి జారి, రోడ్డుకు అడ్డంగా నిలిచింది. వెనకే వస్తున్న పైఅధికారి కారు హారన్ కొట్టింది.

వెనక సీట్లోని ముగ్గురిలో ఒకావిడ బట్టలు కుట్టే మనిషి. రివర్స్ రాదని ఆవిడను ఈయన రెండుసార్లు ఫెయిల్ చేశాడు.

"సార్, ఈ కారును లాగేది ముందు చక్రాలు. మీరేమో బరువంతా వెనకెక్కించారు. ఇక అవి నేలనెలా పట్టుకుంటాయి? పైగా ఆ టైర్లు మా తాత బట్టతలలా ఉన్నాయి."

తనకా సంగతి తెలుసనీ, ఎవరు కనిపెడతారో చూద్దామనే ఊరుకున్నాననీ అధికారి గొంతు సవరించుకుని చెప్పాడు.

"కనిపెట్టాను కదా, స్టీరింగ్ నాకివ్వండి. ఇదే నా పరీక్ష అనుకోండి."

హారన్ మళ్లీ మోగింది. ఇచ్చాడు.

ఆవిడ ఇటుకలు దింపించింది, మనుషుల్ని దింపింది, అందరికంటే ముందు బావమరిదిని దింపింది. బరువు ముందు చక్రాల మీద పడేలా కారు ముక్కును పల్లానికి తిప్పి, రివర్స్‌లో మెల్లగా, ఒక్కసారీ జారకుండా గేటు దాకా ఎక్కించింది. పక్క సీట్లో అధికారి చేతులు కట్టుకుని, కారు దిగి కాలినడకన ఎక్కి వస్తున్న పైఅధికారిని దారి పొడవునా ముఖాముఖి చూస్తూ ఊరేగాడు.

పైఅధికారి పక్కనే నిలబడి చూస్తుంటే ఆవిడను పాస్ చేయక తప్పలేదు. రిమార్కుల గడిలో మాత్రం, "ముందుకు నడపడం ఇంకా చూడవలసి ఉంది" అని రాసి సంతకం పెట్టాడు.