మడుగులో కూర్చున్న కమిటీ

ఒక పెద్ద అడవిలో, అంటే ఇప్పుడు మరీ అంత పెద్దదేం కాదు లెండి, సింహం గారు చాలావరకు కాల్చేశారు, ఒక చిన్న మడుగుండేది.

ఎందుకు కాల్చారంటారా? దర్బారులో ఈగలు వాలుతున్నాయట! వాటిని తోలడానికి రాత్రీపగలూ దుంగలు తగలబెట్టి పొగ వేయించేవారు. ఏళ్ళ తరబడి ఆ పొగా ఆ సెగా పట్టి అడవి పెనంలా కాలిపోతోంది. వానలు దారి మరిచిపోయాయి. దర్బారు పక్కనే చల్లటి ఊట ఉంది కాబట్టి సింహం గారికి ఆ సంగతే తెలీదు.

మడుగులో తుంగమ్మ అనే కప్ప ఉండేది. ఆవిడ పిల్లలకు ఇంకా కాళ్ళు రాలేదు, తోకలే. కాళ్ళొచ్చేదాకా నీళ్ళుంటే బతుకుతారు, లేకపోతే లేదు. నీళ్ళేమో పొద్దున ఉన్నచోట సాయంత్రానికి ఉండటం లేదు. తుంగమ్మ పడుతూ లేస్తూ దర్బారుకి వెళ్ళింది.

"దొరా, పొగ మీది, ఎండ మాదా? మీ ఊట నుంచి ఒక పాయ మా వైపు వదలండి. బతికే హక్కు అందరికీ ఉందని మీ చట్టంలోనే రాశారుగా!"

"రాశాం, కాదన్నామా?" అన్నారు సింహం గారు ఆవలిస్తూ. "మడుగులో పాతిన గుంజ మీద ఎర్రగీత చూశావా? నీళ్ళు దాని కిందికి దిగితేనే నీకు హక్కు వచ్చేది. దిగాయో లేదో కమిటీ వచ్చి చూస్తుంది."

కమిటీ వచ్చింది. అధ్యక్షులు ఏనుగు ఘనానందం గారు, సభ్యులు అడవిదున్న, ఎలుగుబంటి. రాతకోతలకి కొండముచ్చు. దారంతా మండుటెండ. మడుగు కనపడగానే పెద్దలు ముగ్గురూ "అబ్బబ్బ, ప్రాణం లేచొచ్చింది!" అంటూ దబ్బున దిగి కూర్చున్నారు. నీళ్ళు ఒక్కసారిగా పొంగి ఎర్రగీత దాటాయి.

గట్టు మీంచి గుంజను చూసి, "మట్టం సంతృప్తికరం" అని రాసుకుంది కొండముచ్చు.

"అయ్యో, అదేం లెక్కండీ! వాళ్ళని లేవమనండి, అప్పుడు చూడండి!" అంది తుంగమ్మ.

"కమిటీ లేచాక కొలిస్తే, కమిటీ లేకుండా కొలిచినట్టు. అది చెల్లదమ్మా," అంది కొండముచ్చు.

"ఈ కప్పలకి మొదట్నించీ తొందరెక్కువ," అన్నారు ఘనానందం గారు తొండంతో వీపు తడుపుకుంటూ.

సింహం గారికి ఈ పద్ధతి తెగ నచ్చింది. ఊట నుంచి చుక్క వదలక్కర్లేదు, కమిటీ అక్కడే కూర్చుంటే చాలు! శాశ్వత కమిటీ అని ప్రకటించి, చెరుకుగడలూ తేనెపట్లూ మడుగుకే పంపించారు. ఎండకి మట్టం తగ్గినప్పుడల్లా ఇంకో సభ్యుణ్ణి వేశారు. అడవిపంది వచ్చింది. దుప్పి వచ్చింది. ఘనానందం గారి బావమరిది కూడా వచ్చాడు. చివరికి మడుగులో నీళ్ళకంటే సభ్యులే ఎక్కువయ్యారు.

"కాస్త జరగండయ్యా, పిల్లలు నలిగిపోతున్నారు!" అని తుంగమ్మ గొంతు చించుకునేది. ఎవరూ జరగలేదు. జరగడానికి చోటేదీ? కొందరు పిల్లలు పోయారు. తుంగమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. కమిటీ భోంచేసి పడుకుని ఉంది.

ఆఖరికి బురద మిగిలింది. తుంగమ్మ బతికున్న పిల్లల్ని, ఉన్న గుక్కెడు నీళ్ళతో సహా, నోట్లో పెట్టుకుని మూసేసింది. సరిగ్గా అప్పుడే కొండముచ్చు తనిఖీకి వచ్చింది. సభ్యులు దొర్లినప్పుడు చిందిన బురద గుంజ మీద ఎర్రగీత పైదాకా అంటుకుని ఉంది.

"మట్టం సంతృప్తికరం. ఏమన్నా అభ్యంతరమా తుంగమ్మా?"

తుంగమ్మ బుగ్గలు ఉబ్బించి కళ్ళతోనే మొత్తుకుంది. నోరు తెరిస్తే పిల్లలు దక్కరు.

"లేదట," అని రాసుకుంది కొండముచ్చు.

అక్కణ్ణించి తుంగమ్మ గట్టు మీది తడి మట్టిలో కూరుకుని, తిండీ మాటా మానేసి రోజులు నెట్టింది. బురద బంకలా బిగిసి సభ్యులకు కాళ్ళు కదల్లేదు.

"లాగండ్రా నాయనా!" అని ఘనానందం గారు ఘీంకరించారు.

"మీరు లేస్తే మట్టం చెల్లదు సార్. ఆ నియమం మీరు ఒప్పుకున్నదే," అంది కొండముచ్చు వినయంగా.

ఇంతలో దర్బారు ఊట కూడా ఎండింది. "కంగారు దేనికి? తుంగమ్మ మడుగు ఎర్రగీత దాటి ఉందని రిపోర్టు ఉందిగా!" అంటూ సింహం గారు పరుగున వచ్చి, చూడకుండానే ఎగిరి దూకారు. నడుందాకా దిగబడిపోయారు. బురద ఎగిరి గుంజ చివరిదాకా చిందింది.

"మట్టం ఇంకా పెరిగింది!" అని మురిసిపోయింది కొండముచ్చు.

"నీళ్ళెక్కడున్నాయిరా దరిద్రుడా! ఊటని ఇంకా లోతుగా తవ్వించు, మమ్మల్ని లాగించు!"

"దిగారు కాబట్టి దొరవారూ ఇప్పుడు సభ్యులే. అభ్యంతరం మడుగువాళ్ళే చెప్పాలండీ."

సింహం గారు గట్టు మీది తుంగమ్మ వైపు తిరిగారు. గొంతు ఆర్చుకుపోయింది. "తల్లీ, నువ్వయినా చెప్పవే, నీళ్ళు లేవని!"

తుంగమ్మ ఇన్నాళ్ళకు నోరు తెరిచింది. పిల్లలు ఒక్కొక్కరే బయటికి గెంతారు. కాళ్ళొచ్చేశాయి! ఆవిడ అందరినీ తడిమి చూసుకుంది. ఉండాల్సినంతమంది లేరు.

అప్పుడు కొండముచ్చుతో అంది, "మట్టం సంతృప్తికరంగానే ఉందయ్యా. రాసుకో."

పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇందులో నీతి: నీళ్ళెండిపోతే బెంగపడకండి, పెద్దవాళ్ళని ఇంకో నలుగుర్ని దింపండి, మట్టం దానంతటదే లేస్తుంది.